గడ్డి ఆరేసే కొయ్య చట్రాలు: స్లొవేనియా ‘కొజోలెత్స్’కు తెలుగులో ఏ పేరు పెట్టుకుందాం?

పైరగాలి | జూన్ 14, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా స్లొవేనియా రాజధాని లుబ్లియానాలో ఉద్యోగం చేస్తున్నాను. మొన్న శనివారం బోహిన్ లోయలోని స్తుదోర్ అనే చిన్న ఊరికి వెళ్లాను. వెనక కొండలు, ముందు పచ్చిక మైదానం, ఆ పచ్చిక అంచున వరుసగా కొయ్య కట్టడాలు. నిచ్చెనలను పక్కపక్కన వరుసగా నిలబెట్టి, వాటి మీద ఇంటికప్పు వేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నిలువు స్తంభాలు, వాటి మధ్య కింది నుంచి పైదాకా వరుసలుగా అడ్డగడలు, నెత్తిన కప్పు. గోడలు లేవు. ఆ గడల మీద పచ్చగడ్డి వేలాడదీసి ఆరబెడతారు. ఇక్కడి వాళ్లు దీన్ని ‘కొజోలెత్స్’ అంటారు.

ఈ దేశానికి ఇది దాదాపు గుర్తు లాంటిది. ఇవాన్ గ్రోహర్ అనే చిత్రకారుడు 1907లో ‘విత్తేవాడు’ అనే బొమ్మ వేశాడు. పొద్దున్నే మంచులో ఒక రైతు గింజలు చల్లుతుంటాడు, అతని వెనక మసకమసకగా ఒక కొజోలెత్స్ కనిపిస్తుంది. ఆ విత్తేవాడే ఇప్పుడు స్లొవేనియా అయిదు సెంట్ల నాణెం మీద ఉన్నాడు.

అమ్మకు ఫోనులో చూపించాను. "ఇంత ఎత్తు దడి ఎందుకు కట్టారు, పశువులు దూకుతాయనా?" అని అడిగింది. గడ్డి ఆరేయడానికి అని చెప్పాను కానీ, దాన్ని ఒక్క మాటలో ఏమనాలో తోచలేదు. మీకేమైనా తడుతుందా? మన వైపు ఇలాంటిది ఎవరైనా చూశారా?

---

నాగేటిచాలు | జూన్ 14, రాత్రి 11:05

మంచి ప్రశ్న వేశారు. నేను వ్యవసాయ పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మన దగ్గర ఇలాంటిది ఎందుకు లేదో ముందు చెబుతాను, పేరు తర్వాత చూద్దాం.

మన వరి గడ్డి పంట పండాక మిగిలేది. సార్వా కోతలు అయ్యేసరికి వానలు తగ్గుతాయి, చలిగాలి పొడిగా ఉంటుంది. కోసిన పనలు చేలోనే మూడు నాలుగు రోజులు ఆరితే చాలు. అక్కడ కోసేది పచ్చిక. కోసేటప్పుడు అందులో నూటికి డెబ్భై, ఎనభై పాళ్లు నీరే. దాన్ని ఇరవై పాళ్ల లోపుకు దించితే గానీ దాచడానికి పనికిరాదు. కొండ ప్రాంతంలో వేసవిలోనే వానలు పడతాయి. నేల మీద పరిస్తే పైన ఎండుతుంది, అడుగున కుళ్లుతుంది. ఆరీ ఆరని గడ్డిని కొట్టంలో కుక్కితే లోపల సూక్ష్మజీవులు పెరిగి వేడి పుడుతుంది. ఆ వేడి పెరిగి పెరిగి కొన్ని వారాలకు నిప్పు రవ్వ లేకుండానే గడ్డి అంటుకుంటుంది. చలికాలమంతా పశువులు బతకాల్సిన మేత ఒక్క రాత్రిలో బూడిదవుతుంది. ఈ కొయ్య చట్రం వెనక ఉన్నది ఆ భయం.

ఇంకో లాభం. క్లోవర్ లాంటి ఆకు మేతను నేల మీద వేసి పదేపదే తిరగేస్తే ఎండిన ఆకు రాలి కాడలే మిగులుతాయి. బలమంతా ఆకులోనే ఉంటుంది. వేలాడదీస్తే తిరగేసే పని లేదు, ఆకు నిలుస్తుంది.

---

మిట్టపొలం | జూన్ 15, ఉదయం 6:20

మాస్టారు చెప్పింది చదివాక మా అనంతపురం వైపు వేరుశనగ కట్టె (కాయలు తీశాక మిగిలే మేత) వాములు గుర్తొచ్చాయి. మా తాత వాము వేసే రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. ఆయన పైన నిలబడి చుట్టూ తిరుగుతూ కాలితో తొక్కేవాడు, కింద నుంచి మా చిన్నాన్నలు పంగలకర్రతో అందించేవారు. ఒక పక్క ఎక్కువ పడితే కేకేసేవాడు. పైకి వచ్చేకొద్దీ లోపలికి తీసుకుంటూ చివరికి ఇంటి కొప్పులా తేల్చేవాడు. వాన చినుకు పడితే పక్కలకు జారిపోవాలి, లోపలికి ఒక్క బొట్టు దిగకూడదు. మూడేళ్ల కరవులో అందరి పశువులూ సంతకు వెళ్లినప్పుడు మా రెండు ఎద్దులు ఆ వాము మీదే నిలబడ్డాయి.

ఇప్పుడు ఆ వాము వేసిన చోట కారు నిలుపుతున్నాం. ఊరికి వెళ్లినప్పుడల్లా నా కళ్లు ముందు అక్కడికే పోతాయి.

---

పైరగాలి | జూన్ 15, రాత్రి 8:15

మిట్టపొలం గారూ, మీ తాతగారి సంగతి రెండుసార్లు చదివాను. మాస్టారూ, గడ్డి తానే అంటుకుంటుందని నాకు ఇంతవరకూ తెలియదు.

మరికొన్ని వివరాలు రాస్తాను. కొజోలెత్స్‌లలో చాలా రకాలున్నాయి. ఒకే వరుసగా పొలం గట్టున సాగిపోయేది మామూలు రకం. రెండు వరుసలను ఎదురెదురుగా నిలిపి ఒకే కప్పు కిందకు తెస్తే అది ‘తోప్లర్’. దాని మధ్యలో బండి నిలుపుకోవచ్చు, పైన అటక మీద ఆరిన గడ్డి దాచుకోవచ్చు, పనిముట్లు పెట్టుకోవచ్చు. బోహిన్ వైపు దానికి కొంచెం వేరే రూపం ఉంది, దాన్ని ‘స్తోగ్’ అంటారు. గడ్డితో పాటు గోధుమ పనలు, బక్‌వీట్ అనే తిండిగింజ పనలు, మొక్కజొన్న పొత్తులు కూడా వీటి మీదే ఆరేసేవారు.

లుబ్లియానాకు ఆగ్నేయంగా షెంత్‌రూపెర్త్ అనే ఊళ్లో 2013లో వీటి కోసమే ఒక ఆరుబయటి ప్రదర్శనశాల తెరిచారు. వేర్వేరు చోట్ల కూలడానికి సిద్ధంగా ఉన్నవాటిని విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. మొత్తం 19 ఉన్నాయి. అందులో ఒక తోప్లర్ 1795 నాటిది. దాని స్తంభం మీద చెయ్యి పెట్టి చూశాను. ఎండకూ వానకూ బూడిద రంగుకు తిరిగి, నరాలు తేలిన ముసలివాళ్ల చేతిలా ఉంది. గీతల మధ్య గోరు దూరేంత సందు ఉంది గాని లోపల కొయ్య రాయిలా గట్టిగా తగిలింది.

ఇంకో సంగతి. మా ఇంటి యజమాని తల్లిగారు డోలెన్స్కా ప్రాంతంలో ఒక పల్లెలో ఉంటారు. ఎనభై దాటాయి. ఆవిడ పొలంలో ఒక వరుస కొజోలెత్స్ ఉంది. ఒక స్తంభం అడుగు పుచ్చిపోయి పక్కకు ఒరిగింది. కొడుకులు తీసేద్దామంటున్నారు. ఆవిడ ఒప్పుకోవడం లేదు. చెక్కపని తెలిసినవాళ్లు ఇక్కడ ఉంటే ఏమి చేయవచ్చో చెప్పండి.

---

ఉత్తరపుగాలి | జూన్ 16, ఉదయం 10:30

నేను నార్వేలో తొమ్మిదేళ్లు ఉన్నాను. అక్కడ దీనికి అన్న లాంటిదో తమ్ముడి లాంటిదో ఒకటి ఉంది, పేరు ‘హెస్యె’. కప్పు ఉండదు, శాశ్వతంగానూ ఉండదు. గడ్డి కోసినప్పుడు గునపంతో గుంతలు పొడిచి కొయ్యలు పాతుతారు. ముందు అడుగున ఒక తీగ లాగి దాని మీద గడ్డి వేస్తారు. అది నిండాక దాని పైన ఇంకో తీగ. అలా పైకి వెళతారు. చివరి వరుసను వాననీరు జారేలా కప్పినట్టు వేస్తారు. వారం, రెండు వారాలు అలాగే వదిలేస్తారు. దూరం నుంచి చూస్తే పొలంలో పచ్చటి గోడలు లేచినట్టుంటుంది.

ఇప్పుడు ఎక్కడో ఒకచోట, ఊరి సంబరంలో పిల్లలకు చూపించడానికి తప్ప కనబడదు. గడ్డిని యంత్రంతో చుట్టి తెల్లటి ప్లాస్టిక్ కప్పి పొలంలో వదిలేస్తున్నారు. వాటిని అక్కడి వాళ్లు ‘ట్రాక్టరు గుడ్లు’ అని పిలుస్తారు. లోపల గడ్డి ఆరదు, పులుస్తుంది. పశువులు ఇష్టంగానే తింటాయి. నేను అద్దెకున్న ఇంటి పెద్దాయన మాత్రం, "పూర్వం జులైలో ఊరంతా ఒకే వాసన వేసేది" అని ప్రతి వేసవిలోనూ చెప్పేవారు.

---

చిత్తడినేల | జూన్ 16, మధ్యాహ్నం 2:50

అందరూ ఏమీ అనుకోకండి, ఒక మాట చెప్పాలి.

మాది కోనసీమ. మా అమ్మ కూలికి వెళ్లి వరి కోసింది, పనలు తిప్పింది, మోపులు మోసింది. సాయంత్రం ఇంటికి వచ్చాక మోచేతుల దాకా ఎర్రటి గీతలు ఉండేవి. గడ్డి నూగు మెడలో పడి దురద. స్నానానికి వేడినీళ్లు కూడా తగలనిచ్చేది కాదు, మండుతుందని. కొబ్బరినూనె రాయడం నా పని. రాస్తుంటే పళ్లు బిగబట్టేది.

వాము వేసినాయన పేరు అందరికీ గుర్తుంటుంది. వాము దగ్గరికి గడ్డి మోసుకొచ్చిన ఆడవాళ్లు ఎందరో ఎవరికైనా గుర్తున్నారా? యంత్రం వచ్చాక మా అమ్మ చేతులు మానాయి. ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరుకోను. పైరగాలి గారూ, ఆ కొయ్య చట్రం ఎక్కి గడ్డి వేసింది ఎవరో ఆ పెద్దావిడను అడగండి. ఆవిడేమంటుందో వినాలని ఉంది.

---

మిట్టపొలం | జూన్ 16, రాత్రి 9:10

చిత్తడినేల గారూ, మీరు అడిగాక కూర్చుని ఆలోచించాను. మా వాముకు కట్టె మోసింది మా పెద్దమ్మ, అత్త, ఇంకా ముగ్గురు కూలివాళ్లు. ఆ ముగ్గురిలో ఇద్దరి పేర్లు నాకు గుర్తులేవు. అమ్మను అడిగితే వెంటనే ముగ్గురివీ చెప్పింది, వాళ్ల పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారో కూడా. మొదట నేను రాసినదానిలో వాళ్లు ఉండాల్సింది.

అయినా ఆ ఖాళీ చోటు చూసినప్పుడు నాకు కలిగే బాధ అబద్ధం కాదండీ. మీ అమ్మగారి చేతులు మానడం, మా పశువులపాక ఖాళీ కావడం, రెండూ ఒకే యంత్రంతో వచ్చాయి. దేన్ని పట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

---

కడచీల | జూన్ 17, ఉదయం 7:45

మాది కరీంనగర్ పక్క ఊరు. మా నాన్న వడ్రంగి, ఎడ్లబండ్లు చేసేవారు. నేను ఆయన దగ్గర పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా పని చేశాను. స్తంభం గురించి చెబుతాను.

ముందు ఒకటి చూడండి: కలపడానికి ఇనుము వాడారా, కొయ్య చీలలా? బాగా పాతదైతే కొయ్య చీలలే ఉండాలి. మా నాన్న చెప్పేవారు, కొయ్య వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఇనుప మేకు కదలదు కాబట్టి కొయ్యను చీలుస్తుంది. కొయ్య చీల అయితే దానితో పాటే ఉబ్బి, దానితో పాటే తగ్గుతుంది. అందుకే నూరేళ్లయినా పట్టు వదలదు. దయచేసి ఎవరినీ అందులో కొత్తగా మేకులు కొట్టనివ్వకండి.

పుచ్చింది అడుగు మాత్రమే అంటున్నారు. అయితే స్తంభం మొత్తం మార్చక్కరలేదు. పై బరువును పక్కన దుంగలతో మోపి పట్టుకుని, పుచ్చినంత మేర ఏటవాలుగా కోసేయాలి. అదే జాతి కొయ్య, బాగా ఆరినది తెచ్చి, అదే వాలుకు చెక్కి అతుకు వేయాలి. వాలు ఎంత పొడుగుంటే అతుకు అంత గట్టి. రెండు చీలలు అడ్డంగా దిగేయాలి. చివరికి దాని అడుగు మట్టిని తాకకూడదు, రాతి మీద నిలవాలి. పుచ్చు మట్టి తడి నుంచే ఎక్కుతుంది. ఏ కొయ్యతో చేశారో కనుక్కోండి.

---

పైరగాలి | జూన్ 17, రాత్రి 10:20

కడచీల గారూ, చాలా సంతోషం. స్తంభాలు ఓక్, గడలు స్ప్రూస్ అని యజమాని చెప్పారు. చీలలు కొయ్యవే. మీరు రాసింది అనువదించి ఆయనకు పంపాను.

చిత్తడినేల గారూ, ఇవాళ వెళ్లి అడిగాను. పెద్దావిడ చాలాసేపు నవ్వారు. పెళ్లై వచ్చిన మొదటి వేసవిలోనే గడల మీదకు ఎక్కించారట. మగవాళ్లు కొడవళ్లతో కోసి పోయేవారు, కట్టలు అందించేది అత్తగారు, పైన నిలబడి వేసేది తాను. కడుపుతో ఉండగా ఏడో నెల దాకా ఎక్కారట. చేతులు చూపించారు, వేళ్లు ముడుచుకోవు. "మరి తీసేయనివ్వచ్చు కదా" అన్నాను. ఆవిడ అన్నది ఇది: "అంత కష్టపడి నిండుగా వేసిన దాన్ని ఖాళీగా చూడటమే కష్టం. పడిపోయింది చూడటం ఇంకా కష్టం."

---

చిత్తడినేల | జూన్ 18, ఉదయం 5:55

ఆవిడ మాట అమ్మకు చదివి వినిపించాను. ఏడో నెల దాకా అన్న చోట "ఊఁ" అంది. తర్వాత, "నిలబెట్టమను. ఆమె చెప్పినట్టు చెయ్యమను" అంది.

మాస్టారిని ఒకటి అడగాలి. 1996 నవంబరు తుపానుకు మా చేలల్లో వరి నీళ్లలో పడుకుంది. కోసిన పనలు మడిలోనే మొలకెత్తాయి. మన దగ్గరా ఇలాంటి చట్రాలుంటే ఆ పంటలో కొంతైనా దక్కేదా?

---

నాగేటిచాలు | జూన్ 18, ఉదయం 9:30

ఆ తుపాను గాలికి కొబ్బరిచెట్లే నేలకూలాయమ్మా, చట్రాలు నిలిచేవి కావు. పైగా వాళ్లది కొద్దిపాటి పచ్చిక, మనది ఎకరాల కొద్దీ వరి. అంతా ఎత్తి ఆరేయాలంటే కొయ్య చాలదు, మనుషులూ చాలరు. అలాంటి వేళ చేయగలిగింది వేరే ఉంది. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి, అంటే అయిదు శాతం ద్రావణం, తడిసిన పనల మీద పిచికారీ చేస్తే గింజ మొలకెత్తడం ఆగుతుంది. ఇప్పటికీ రైతులకు చెప్పేది ఇదే. తుపానులు కాకుండా మామూలు ముసురు పట్టిన రోజుల్లో, ఇంటి అవసరానికి సరిపడా పచ్చిమేత ఆరేసుకోవడానికి మాత్రం చిన్న చట్రం పనికొస్తుంది.

అయితే మనకు వేలాడదీసి ఆరబెట్టడం అసలు తెలియదనుకోవద్దు. పొగాకు బ్యారన్ చూడండి. కర్రలకు ఆకు కట్టి లోపల అంతస్తులుగా వేలాడదీస్తాం. గాలీ వేడీ ప్రతి ఆకుకూ తగలాలన్న ఆలోచన రెండు చోట్లా ఒకటే.

---

వెదురుపొద | జూన్ 18, సాయంత్రం 6:40

జపానులో కొన్నిచోట్ల వరినే ఇలా ఆరేస్తారు మాస్టారూ. కొండ వాలు మీద చిన్న మళ్లు, కోతల వేళ వానలు. పనలను రెండుగా విడదీసి, వెన్నులు కిందకు వేలాడేలా గడల మీద వేస్తారు. రెండు వారాలు పైనే ఉంచుతారు. నీగాతా వైపు పొలం గట్టున ఇందుకోసమే చెట్లు వరుసగా పెంచేవారు. బతికున్న చెట్లే స్తంభాలు, వాటికి అడ్డంగా గడలు కట్టేవారు. ఇప్పుడు గడలు లేవు, చెట్లు మాత్రం వరుస తప్పకుండా నిలబడి ఉన్నాయి.

---

చిత్తడినేల | జూన్ 19, రాత్రి 8:00

పేరు గురించి అందరూ మరిచిపోయినట్టున్నారు. దడి అంటే అడ్డం కట్టేది. పందిరి అంటే నీడకు. నిచ్చెన ఎక్కడానికి. అమ్మ బట్టలు ఆరేస్తుంటే తట్టింది: దండెం. అడ్డంగా కట్టిన గడ, దాని మీద ఏదో ఒకటి ఆరేయడం. ‘గడ్డిదండెం’ అంటే ఎలా ఉంటుంది?

---

మిట్టపొలం | జూన్ 19, రాత్రి 8:25

వినగానే కళ్లకు కడుతోంది. ఒక్కటే సందేహం. వాన వస్తే దండెం మీద బట్టలు పరుగున వెళ్లి తీసేస్తాం. ఇది వానలో కూడా తీయకుండా ఉంచేది కదా?

---

కడచీల | జూన్ 19, రాత్రి 9:00

నెత్తిన కప్పున్న దండెం అనుకుందాం. నాకు నచ్చింది.

---

పైరగాలి | ఆగస్టు 23, రాత్రి 9:15

ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి. ఇవాళ పల్లె నుంచి ఇప్పుడే వచ్చాను.

జులైలో పక్క ఊరి వడ్రంగి వచ్చి చూశాడు. కడచీల గారు రాసిందే, మాట తేడా లేకుండా ఆయనా చెప్పాడు. మూరెడు మేర ఏటవాలుగా కోసి అతుకు వేశారు. అడుగున బల్లపరుపు రాయి. కొత్త ఓక్ ముక్క ఇంకా తేనె రంగులో ఉంది, పైది బూడిద రంగు. చీలలు దిగ్గొట్టేటప్పుడు పెద్దావిడ కుర్చీ వేయించుకుని అక్కడే కూర్చున్నారు.

ఇవాళ రెండో కోత గడ్డి వేశాం. ఇక్కడ దాన్ని ‘ఒతావా’ అంటారు, మొదటి కోత కంటే మెత్తగా ఉంటుంది. నేను, యజమాని, ఆయన కూతురు. నేను గుప్పిళ్లతో తీసి గడ మీద పడేస్తుంటే ఆవిడ కింద నుంచి కర్రతో చూపించి ఆపేశారు. అలా కుప్పగా వేస్తే మధ్యలో గాలి ఆడదట. గడ్డిని ముందు చేతుల మీద పొడుగ్గా సాగదీసి, సగం ఇటు సగం అటు వచ్చేలా వేసి, అరచేత్తో కిందకు దువ్వాలి. పది గడలు వేశాక నాకు చెయ్యి తిరిగింది. మోచేతుల మీద గీతలు పడ్డాయి. చిత్తడినేల గారూ, ఇంటికి వచ్చి కొబ్బరినూనె రాసుకున్నాను. మీ అమ్మగారికి చెప్పండి.

పొద్దు వాలుతుండగా అమ్మకు ఫోను చేసి చూపించాను. "ఇదేనమ్మా గడ్డిదండెం" అన్నాను. వెంటనే అర్థమైంది. దగ్గరగా చూపించమంది. చూసి, "మబ్బు పట్టినట్టుంది, తీసేస్తారా మరి?" అని అడిగింది.

"లేదమ్మా, పైన కప్పు ఉంది" అన్నాను.

ఇంకా రెండు అరలు ఖాళీగా ఉన్నాయి. రేపు పొద్దున్నే మొదటి బస్సుకు మళ్లీ వెళ్తున్నాను.